బ్రాడీపేట మేడ మీద అమెరికన్ ఫుట్‌బాల్ క్లాసు: ఆరు శనివారాలు కూర్చున్నాక

గుంటూరు శంకర్ విలాస్ సెంటర్‌లో ఆటో దిగి బ్రాడీపేట లైన్లలోకి అయిదు నిమిషాలు నడిస్తే, కింద మందుల షాపు, పైన కాఫీ హోటల్ ఉన్న మేడ ఒకటి వస్తుంది. పొద్దున పూట మామూలు టిఫిన్లే. శనివారం సాయంత్రం అయిదున్నరకి మాత్రం బల్లలన్నీ గోడ వారకి జరిపి, తెర దించి, అమెరికన్ ఫుట్‌బాల్ పాఠం చెబుతారు. మనిషికి 250 రూపాయలు. కాఫీ, ఒక ప్లేటు పునుగులు అందులోనే. జూన్‌లో బడి తెరిచాక ఆరు శనివారాలు వెళ్ళాను. చాలా నేర్చుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను గుంటూరుకి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పదిహేడేళ్ళుగా ఆడపిల్లల కబడ్డీ జట్టుని తయారు చేస్తున్నాను. వరసగా మూడేళ్ళు పక్క మండలం జట్టు చేతిలోనే ఓడిపోయాం. పోయినేడాది ఫైనల్లో 33–14. తిరుగు బస్సులో పిల్లలెవరూ నోరు విప్పలేదు. మా కెప్టెన్ తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత కూడా తియ్యకుండా అలాగే ఇంటికి పట్టుకెళ్ళింది. ఆ డబ్బా నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఈ హోటల్‌కి మొదటిసారి వెళ్ళింది 2025 ఫిబ్రవరి 10, సోమవారం తెల్లవారుజామున. మా మరిది ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాడు. "వదినా, మా ఈగల్స్ సూపర్ బౌల్ ఆడుతున్నారు, మీకు ఉదయం అయిదింటికి వస్తుంది, గుంటూరులో ఎక్కడో చూపిస్తున్నారంట" అని ముందురోజు ఫోన్ చేశాడు. సూపర్ బౌల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే ఫైనల్. నేనూ మావారూ నాలుగున్నరకే బయల్దేరాం. మిర్చి సీజన్ కదా, యార్డుకి పోయే లారీలు వరసగా ఉన్నాయి. ఆ ఘాటుకి హెల్మెట్ లోపల తుమ్ములు.

అప్పటికి నాకు ఆ ఆటలో అక్షరం ముక్క తెలియదు. అవతల కాన్సస్ సిటీ చీఫ్స్, వరసగా రెండేళ్ళు ఛాంపియన్లు, మూడోది గెలవడానికి వచ్చారు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపిస్తూ పాసులు విసిరే మనిషి, పాట్రిక్ మహోమ్స్ అంటే అక్కడ అందరికీ భయమంట. అలాంటి జట్టు మొదటి సగంలో మొత్తం కలిపి 23 గజాలే ముందుకెళ్ళింది. సగం ఆట అయ్యేసరికి 24–0. చివరికి 40–22తో ఈగల్స్ గెలిచారు. ఆఖర్లో చీఫ్స్ కొన్ని పాయింట్లు తెచ్చుకున్నారు గానీ అప్పటికే ఆట అయిపోయింది.

నాకు అర్థంకాని సంగతి ఒక్కటే. ఇంత బలమైన జట్టు అంత తేలిగ్గా ఎలా కట్టుబడిపోయింది? బిల్లు కట్టేటప్పుడు ఓనర్ గారిని అడిగాను. ఆయనకి అరవై దాటాయి, చాలాకాలం అమెరికాలో ఉండి వచ్చేశారు. అందరం బాబాయ్ గారనే పిలుస్తాం. ఆయన నవ్వి, "అమ్మా, రెండేళ్ళ కింద ఇదే ఫైనల్లో ఇదే చీఫ్స్ చేతిలో వీళ్ళు 38–35తో ఓడిపోయారు. అది చూడకుండా ఇది చూస్తే నీకేం తెలుస్తుంది? ఎండలు తగ్గాక శనివారాలు పాఠం పెడతాను, రా" అన్నారు.

అదే ఆయన పద్ధతి. ప్రతి శనివారం ముందు ఓడిన మ్యాచ్‌లోంచి అరగంట, తర్వాత అదే జట్టుని గెలిచిన మ్యాచ్‌లోంచి గంట. ఆరు వారాలూ ఈ వరస తప్పలేదు. గెలిచిన మ్యాచ్‌లు ఎక్కడైనా చూస్తాం. ఓడినది పక్కన పెట్టి చూపించేవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

మొదటి క్లాసులో తెర వెయ్యకముందే బల్ల మీద స్టీలు గ్లాసులు, కాగితం కప్పులు పరిచారు. ఒకవైపు పదకొండు గ్లాసులు, ఎదురుగా పదకొండు కప్పులు. గ్లాసులు బంతి చేతిలో ఉన్న జట్టు. వాళ్ళకి నాలుగు అవకాశాలు, ఆ నాలుగింట్లో పది గజాలు దాటాలి. దాటితే మళ్ళీ నాలుగు. ముందు వరసలో అయిదు గ్లాసులు దగ్గర దగ్గరగా పెట్టి, "వీళ్ళు కాపలా. వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌ని కాయడమే వీళ్ళ పని, పాస్ అందుకోకూడదు" అన్నారు. క్వార్టర్‌బ్యాక్ గ్లాసులో కొంచెం కాఫీ పోశారు, గుర్తుగా. మిగిలినవి అయిదు గ్లాసులు. పాస్ అందుకోడానికి పరిగెత్తేది వాళ్ళే.

తర్వాత కప్పులు జరపడం మొదలుపెట్టారు. ఆరు కప్పుల్ని క్వార్టర్‌బ్యాక్ మీదకి తోశారు. దీన్నే బ్లిట్జ్ అంటారు, మామూలు కంటే ఎక్కువమందిని మీదకి పంపడం. "ఇప్పుడు వెనక ఎంతమంది మిగిలారు?" అన్నారు. అయిదుగురు. పరిగెత్తేవాళ్ళూ అయిదుగురే. ఒక్కరు తప్పించుకున్నా వెనక ఆదుకునే మనిషి లేడు. అప్పుడు ఆ ఆరింట్లో రెండు కప్పుల్ని వెనక్కి లాగేశారు. మీదకి నలుగురు, వెనక ఏడుగురు. అయిదుగురికి ఏడుగురు కాపలా. "ఫిబ్రవరిలో మీరు చూసింది ఇదే. మహోమ్స్ మీద ఆ రోజు ఒక్క బ్లిట్జ్ కూడా పంపలేదు. నలుగురే వెళ్ళారు. అయినా ఆరుసార్లు పట్టి పడేశారు."

చేతిలో ఉన్న పునుగు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే మా పిల్లలు చేసే తప్పు నాకు ఆ బల్ల మీద కనపడింది. అవతలి జట్టులో మంచి రైడర్ ఒకమ్మాయి ఉంది. ఆమె కూతకొస్తే భయంతో ముగ్గురు నలుగురు ఒకేసారి మీద పడతారు. నేనే అలా పడమని అరిచాను. పట్టు దొరక్కపోతే ఆ నలుగురినీ తాకి వెళ్ళిపోతుంది.

కానీ ఒక మాట అక్కడే అడిగాను. "బాబాయ్ గారూ, నలుగురితో సరిపెట్టాలంటే ఆ నలుగురూ గట్టివాళ్ళయి ఉండాలి కదా? ఆ రోజు ఈగల్స్‌కి జేలెన్ కార్టర్, జాష్ స్వెట్ లాంటివాళ్ళు ఉన్నారు. మా బడిలో నాకు అంతటి పిల్లలు దొరకరు." 2023లో ఓడిన ఈగల్స్ జట్టుకి కూడా మంచి ముందువరసే ఉంది. ఆ సీజన్లో 70 సాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి పడెయ్యడం) చేసి, ఫైనల్లో ఒక్కటి కూడా చెయ్యలేకపోయారు. అంటే బలం ఒక్కటే చాలలేదు. ఆయన జవాబు చెప్పకుండా, "వచ్చే వారం రా టీచరమ్మా, నీకోసం పాతది ఒకటి తీస్తాను" అన్నారు.

ఆ వచ్చే వారం క్లాసు కోసమే ఈ డబ్బులన్నీ ఇచ్చినా నాకు బాధ లేదు. 1991 జనవరి 27న జరిగిన సూపర్ బౌల్. న్యూయార్క్ జెయింట్స్, బఫెలో బిల్స్. బిల్స్ అంటే అప్పట్లో తుఫాను. ఆటకీ ఆటకీ మధ్య గుమిగూడి మాట్లాడుకోవడం కూడా మానేసి, ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో 51–3తో గెలిచి వచ్చారు. జెయింట్స్ సంగతి చూస్తే, డిసెంబరులో ఇదే బిల్స్ చేతిలో 17–13తో ఓడారు. ఆ మ్యాచ్‌లోనే వాళ్ళ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ ఫిల్ సిమ్స్‌కి దెబ్బ తగిలి సీజన్ అంతా పోయింది. ఫైనల్ ఆడింది జెఫ్ హాస్టెట్లర్, బెంచీ మీద కూర్చునే మనిషి.

అప్పుడు జెయింట్స్ డిఫెన్స్ చూసింది బిల్ బెలిచిక్. ఆయన తన ఆటగాళ్ళకి చెప్పిన మాట విని నేను బాబాయ్ గారిని రెండోసారి చెప్పమన్నాను. బఫెలోలో థర్మన్ థామస్ అని గొప్ప రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తే మనిషి, ఉన్నాడు. అతన్ని 100 గజాలు పరిగెత్తనివ్వండి, అప్పుడే మనం గెలుస్తాం అన్నాడంట. ఆటగాళ్ళకి అది మింగుడు పడలేదు. పరుగు ఆపడం వాళ్ళకి పరువు సమస్య. బెలిచిక్ లెక్క వేరు. బఫెలో ప్రాణమంతా వేగంగా విసిరే పాసుల్లో ఉంది. అందుకని ముందువరసలో బరువైనవాళ్ళని తగ్గించి, వెనక పాసులు కాసేవాళ్ళని పెంచాడు. థామస్ 135 గజాలు పరిగెత్తాడు. ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) కూడా చేశాడు. జెయింట్స్ 20–19తో గెలిచారు. బెలిచిక్ రాసుకున్న ఆ ప్రణాళిక కాగితాలు ఇప్పుడు ఒహాయోలోని కాంటన్‌లో, ఆ ఆట హాల్ ఆఫ్ ఫేమ్‌లో భద్రంగా ఉన్నాయి.

అది సగం కథ. మిగతా సగం గడియారం. మొత్తం ఆట 60 నిమిషాలు. అందులో బంతి 40 నిమిషాల 33 సెకన్లు జెయింట్స్ దగ్గరే ఉంది. మూడో క్వార్టర్ మొదలవగానే బంతి పట్టుకుని, కొంచెం కొంచెంగా పరిగెత్తుతూ, చిన్న చిన్న పాసులు వేస్తూ 9 నిమిషాల 29 సెకన్లు తిని టచ్‌డౌన్ చేశారు. బాబాయ్ గారు ఆ భాగాన్ని ఎక్కడా కోయకుండా వేశారు. మధ్యమధ్యలో కెమెరా బయట నిలబడ్డ బఫెలో వాళ్ళ మీదకి వెళ్తుంది. హెల్మెట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడుస్తుంటారు. అంత ఆటా వచ్చి, చేతికి బంతి రాక నిలబడిపోయిన మొహాలు. ఆ మొహాలు నేను మర్చిపోలేను.

నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. నలుగురు వస్తాదులు లేకపోయినా ఓపిక ఉంటే చాలు, బలమైన జట్టుకి ఆడే అవకాశాలే తగ్గించవచ్చు. మా ఆటలోనూ ఆ వీలుంది. రెండు కూతలు ఖాళీగా వచ్చినా తప్పులేదు, మూడోదాంట్లో పాయింట్ తేవాలి. కూతకి 30 సెకన్లు. ఈ లెక్క నేను చెబితే ఆయన తన డైరీలో రాసుకున్నారు. ఆయన చిన్నప్పుడు ఆడిన చెడుగుడులో ఇవేవీ లేవట.

మూడు, నాలుగు, అయిదు వారాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దారి అదే. 2001 నవంబరులో సెయింట్ లూయిస్ రామ్స్ మీద న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ మాటిమాటికీ బ్లిట్జ్ పంపి 24–17తో ఓడారు. 2002 ఫిబ్రవరి ఫైనల్లో అది తగ్గించి, రామ్స్‌లో మార్షల్ ఫాక్ అనే ఒక్క మనిషిని ఎక్కడికి కదిలినా వదలకుండా గుద్దారు. 20–17, చివరి కిక్‌తో గెలుపు. ఆ పేట్రియాట్స్‌కే 2008లో తిరిగి తగిలింది. 18 మ్యాచ్‌లు ఓటమి లేకుండా వచ్చినవాళ్ళని, డిసెంబరు చివర్లో 38–35తో వాళ్ళ చేతిలోనే ఓడిన జెయింట్స్ 17–14తో కొట్టారు. ఇక్కడ కూడా జెయింట్స్ ముందువరసే పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని నిలవనివ్వలేదు, అయిదుసార్లు పడేసింది. అయిదో వారం 2021 ఫైనల్, టాంపా బే బకనీర్స్. నవంబరులో చీఫ్స్ ఆటగాడు టైరీక్ హిల్ ఒక్క మొదటి క్వార్టర్లోనే వీళ్ళ మీద 203 గజాలు తీశాడు. ఫైనల్లో ఇద్దరు సేఫ్టీలు, అంటే అందరికంటే వెనక కాసేవాళ్ళు, లోతుగా నిలబడి పొడుగు పాసులకి తలుపు వేసేశారు. చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చెయ్యలేదు, 31–9. చీఫ్స్ కాపలా వరసలో రెండు చివర్లా ఉండాల్సిన ఇద్దరూ ఆ రోజు గాయాలతో లేరు, ఆ మాట కూడా బాబాయ్ గారు దాచలేదు.

ఆరో వారం మళ్ళీ ఈగల్స్ దగ్గరకే వచ్చారు, ఈసారి బంతి వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఏం చేశారో చూపించడానికి. సాక్వాన్ బార్క్‌లీ ఆ సీజన్లో 2,005 గజాలు పరిగెత్తిన మనిషి. చీఫ్స్ అతన్ని ఆపడానికే మనుషుల్ని ముందుకి తెచ్చారు. ఆపారు కూడా, 25 పరుగుల్లో 57 గజాలే. ఈగల్స్ పట్టుదలకి పోకుండా, వెనక ఖాళీ అయిన చోటికి క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ చేత పాసులు వేయించారు. "అన్నీ ఆపాలని చూస్తే ఏదీ ఆగదమ్మా. వాళ్ళకి ఏది ఇచ్చేస్తావో అది ముందు అనుకో" అన్నారు బాబాయ్ గారు.

ఇక లోపాలు. అయిదున్నర అంటే ఆరు అవుతుంది, ఒక్క వారం కూడా టైముకి మొదలవలేదు. పడమటి కిటికీకి పరదా పలుచన, ఏడు దాటేదాకా తెర మీద బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. కుడివైపు కుర్చీలు పట్టుకోండి, అక్కడ కొంచెం నయం. మెట్లకి ఒకపక్కే కమ్మీ ఉంది, పెద్దవాళ్ళని తీసుకెళ్తే చెయ్యి పట్టుకోండి. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ రోజున రెండో క్వార్టర్లో నెట్ ఆగిపోయింది. సరిగ్గా ఈగల్స్ ఆటగాడు కూపర్ డిజీన్, మహోమ్స్ పాసుని మధ్యలో పట్టుకుని టచ్‌డౌన్ చేసినప్పుడు! హాలంతా ఉసూరుమంది. తర్వాత రీప్లేలో చూసుకున్నాం. లైవ్ చూపించేటప్పుడు ఇంకో కనెక్షన్ సిద్ధంగా పెట్టుకోవాల్సిందే.

పాఠంలో కూడా నాకొక కొరత ఉంది. అదృష్టం గురించి ఆయన ఎక్కువ మాట్లాడరు. 1991లో ఆఖరి క్షణాల్లో బఫెలో వాళ్ళు 47 గజాల కిక్ కొట్టారు, అది కుడిపక్కగా పోయింది. లోపలికి పోయుంటే అంత గొప్ప ప్రణాళికా ఓడిన ప్రణాళికే అయ్యేది. మంచి ఎత్తు వేసి ఓడినవాళ్ళ మీద కూడా ఒక శనివారం పెట్టమని చెప్పాను. ఆలోచిస్తానన్నారు.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది, ఎనిమిదింటికల్లా వదిలేస్తారు, నాకు ఎనిమిదిన్నర బస్సు అందుతుంది. కాఫీ చిక్కగా ఉంటుంది. పునుగులు వేడిగా ఉన్నప్పుడే తినండి, అల్లం చట్నీ రెండోసారి అడిగితే విసుక్కోకుండా వేస్తారు. ఏ ఆట నేర్పేవాళ్ళైనా ఒక్కసారి వెళ్ళాలి. ఊరికే మ్యాచ్ చూసి ఆనందించాలంటే సెప్టెంబరు నుంచి సోమవారం పొద్దున ఆరింటికి లైవ్ ఉంటుందట, మీకు అదే బాగుంటుంది.

ఆరో క్లాసు అయ్యాక ఇంటికొచ్చి ఒక పని చేశాను. పోయినేడాది మా ఫైనల్‌ని ఇంకో టీచర్ ఫోన్‌లో తీసి పంపింది. ఎనిమిది నెలలుగా నేను దాన్ని తెరవలేదు. ఆ రాత్రి కాగితం, పెన్ను పెట్టుకుని చూశాను. మొదటి సగంలో ఆ అమ్మాయి 11 సార్లు కూతకొచ్చింది. అందులో 7 సార్లు మా ఎడమ కార్నర్ వైపే. బోనస్ గీత మీద కాలు చాపుతుంది. ఒక్క పాయింట్ పోతుందని మా పిల్ల ఆ కాలి మీదకి దూకుతుంది, ఆమెకి సాయమని పక్కవాళ్ళిద్దరూ ముందుకొస్తారు, ముగ్గుర్నీ తాకి వెళ్ళిపోతుంది. బోనస్ ఇచ్చేసి ఉంటే కూతకి ఒకటే పోయేది. ఆగండి, ఇచ్చెయ్యండి అని నేను ఒక్కసారి కూడా అనలేదు. వీడియోలో నా గొంతు వినపడుతూనే ఉంది: "పట్టు! పట్టు!"

పోయిన శనివారం ఏడుగురు పిల్లల్నీ తీసుకెళ్ళాను. బాబాయ్ గారు వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోలేదు, తెర కూడా వెయ్యలేదు. బల్ల మీద ఏడు కప్పులు, ఎదురుగా ఒక స్టీలు గ్లాసు పెట్టి, అందులో కాఫీ పోసి, "ఈమె ఏం చేస్తుందో మీరే చెప్పండమ్మా" అన్నారు. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత మా ఎడమ కార్నర్ పిల్ల, తొమ్మిదో తరగతి, లేచి వచ్చింది. గ్లాసుని రెండు వేళ్ళతో పట్టుకుని, కాఫీ తొణక్కుండా ఎడమ చివరి కప్పు దాకా జరిపి ఆపింది.

"ఎప్పుడూ ఇక్కడికే వచ్చుద్ది టీచర్" అంది. "ముందు ఎడం కాలే పెట్టుద్ది. నాకు తెలుసు. మీరు అడగలేదు."